కూర్చున్నందుకు కూలి

చిలుండు రేవు,
1999 మే 9

చెల్లీ ఎనెలెస్,

మేం బాగున్నాం, మీ సంగతి మాకేం తెలుసు. ఇది అందరూ మర్యాదకు రాసే మాటే గానీ ఈసారి నేను నిజంగానే రాస్తున్నాను. నీ సంగతి నువ్వు నాకు చెప్పలేదు. బస్సు కండక్టరు జాస్తెన్ చెప్పాడు.

దీంతోపాటు రెండు బస్తాల ఉసిపా చేప పంపుతున్నాను. తాడు ఎర్రగా ఉన్న బస్తాలో చేప గలగల్లాడుతూ ఎండింది. రెండోది ఎండేటప్పుడు మబ్బు పట్టింది, వేలుపెట్టి చూస్తే ఇంకా మెత్తగానే ఉంటుంది. దాన్ని ముందు అమ్మెయ్యి. మ్జూజు పట్నం జనానికి తేడా తెలియదులే.

ఈ బస్తాలు పైకి ఎక్కిస్తూనే జాస్తెన్ నోరు విప్పాడు. "మీ చెల్లెలు ఇంకా చేపలమ్ముతోందా ఏంటి? మా బావ వంట చేసే హోటల్లో చూశాను. ముందర సీసా నీళ్ళు, మెళ్ళో పేరు రాసిన అట్ట, దొరసానిలా కూర్చుంది," అన్నాడు.

"ఏం పని మీద?" అన్నాను.

"పనేం లేదమ్మా. కూర్చోవడమే. సరస్సు ఒడ్డు ఆడవాళ్ళ తరఫున కూర్చుంది. కూర్చున్నందుకు కూలి ఇస్తారు."

అందరూ విన్నారు. నా పక్కనే తడికల మీద చేపలు ఎండబెట్టే న్యాకమాంగా అయితే చేతిలో చేపలు వదిలేసి మరీ నవ్వింది. "డోరికా, మనం నిలబడి నడుం పోగొట్టుకుంటే మీ చెల్లెలు కూర్చుని సంపాదిస్తోందే," అంది. నేనూ నవ్వాను. నవ్వక ఏం చెయ్యను.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు పచ్చి చేపను చేత్తో ముట్టుకుని ఎన్నాళ్ళయింది? నేను ఎండబెట్టి, ఏరి, బస్తాకి ఎత్తితే నువ్వు మార్కెట్లో డబ్బాతో కొలిచి అమ్ముతావు. అది చిన్న పనని నేననను. కానీ దాన్ని పట్టుకుని సరస్సు ఒడ్డు మనిషినని చెప్పుకోవడం ఏమిటి? పేరు కూడా న్యాలోంగ్వే అని చెప్పావట. లోంగ్వే ఇంటి ఆడపడుచువే, కాదనను. కానీ ఈ రేవులో న్యాలోంగ్వే అని పిలిస్తే తిరిగి చూసేది నేనొక్కదాన్నే.

కోడలికి నెల తప్పింది. కర్రపెండలం ఈసారి చేదుగా ఉంది, రెండుసార్లు నానబెట్టాల్సి వస్తోంది.

అక్క
డోరికా

*

మ్జూజు,
1999 మే 16

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు భయపడ్డాను, తర్వాత నవ్వుకున్నాను. నేనే రాద్దామనుకుంటున్నాను, ఆ జాస్తెన్ గాడు ముందే ఊదేశాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

జరిగింది ఇది. చేపల శాఖ నుంచి న్గ్విరా గారని ఒక ఆఫీసరు మార్కెట్‌కి వచ్చి, "ఇక్కడ సరస్సు ఒడ్డున పుట్టినవాళ్ళెవరు?" అని అడిగారు. నేను తలెత్తలేదు, పన్నులాయనేమో అనుకున్నాను. పక్కవాళ్ళే నన్ను ముందుకు తోశారు. ప్రభుత్వం రేవులకు కొత్త నియమాలు రాస్తుందట, రాసే ముందు ఆడవాళ్ళ మాట వినాలట. కూలి సంగతి నేనూ అడిగాను. ఆయన ఏమన్నారంటే, "మేము జీతం తీసుకుని మాట్లాడుతున్నాం. మీరు గంప మూసుకుని, ఆ రోజు బేరం పోగొట్టుకుని, ఊరికే ఎందుకు మాట్లాడాలమ్మా?" అన్నారు. నాతో అలా మాట్లాడినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ లేరక్కా. నన్ను 'మేడమ్' అన్నారు. వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

మూడు రోజులు. కుర్చీలకు గుడ్డ తొడుగులు. మధ్యాహ్నం కోడి, అన్నం, క్యాబేజీ. కోడి అంటే మెడ, కాళ్ళూ కాదు, ఒక్కొక్కరికి ఒక తొడ. పొద్దున్నే వెళ్ళగానే కూలి కవరులో పెట్టి రెండు చేతులతో ఇచ్చేవాళ్ళు, అతిథికి ఇచ్చినట్టు. నీకొక చిటెంజె పంపుతున్నాను, అక్కడిచ్చిన గుడ్డే, మంచి నూలు, 'మన సరస్సు మన చేతుల్లో' అని చుట్టూ అచ్చువేసి ఉంటుంది. నేను ఒకటే తీసుకున్నాను, అదీ నీకే.

ఆఖరి రోజు తడికల మాట వచ్చింది. రేవులో వాసన, ఈగలు ఎక్కువయ్యాయని, తడికలన్నీ తీసి ఏటి అవతల ఒక్కచోట పెడితే బాగుంటుందని అన్నారు. దాని వల్ల మీకేమైనా ఇబ్బందా? జూలైలో మళ్ళీ సమావేశం ఉంది. మీకు ఏమేం కావాలో రాస్తే అక్కడ చెబుతాను.

మా ఆయన వైసన్‌కి కలప డిపోలో పని వారానికి నాలుగు రోజులకు తగ్గించారు. మెత్తటి బస్తా ముందే అమ్మేశాను, నువ్వన్నది నిజమే, ఎవరికీ తేడా తెలియలేదు.

చెల్లి
ఎనెలెస్

*

చిలుండు రేవు,
1999 మే 23

ఎనెలెస్,

నీ ఉత్తరం నిలబడే చదివాను. తడికల మాట వచ్చేసరికి ఇసకలో కూలబడ్డాను.

"ఇబ్బందా" అని అడుగుతావా? అమ్మ తడికలు వేసిన చోటు అది. పడవ ఒడ్డుకు తగిలిన చోటుకి నాలుగు అంగల్లో ఉంటుంది. ఆ చోటు కోసం అమ్మ ఎంతమందితో జుట్లు పట్టుకుందో నీకు తెలుసు, నువ్వు ఆవిడ కొంగు పట్టుకుని చూస్తూ ఏడ్చేదానివి. ఏటి అవతలికి తడి చేప గంపలు మోసుకుని ఎవరు వెళతారు? వానల్లో ఏరు దాటేదెవరు? మొసలితో మర్యాదగా మాట్లాడి దాటాలా? ఆ చోటు పోతే నేను ఈ రేవులో ఎవరిని? ఇంకొకరి తడికల మీద చేపలు తిరగేసే కూలిదాన్ని.

నువ్వేమన్నావు? ఉత్తరమంతా కోడి తొడ గురించి రాశావు, కుర్చీ తొడుగు గురించి రాశావు, ఆయన నిన్ను మేడమ్ అన్న సంగతి రాశావు. వాళ్ళు తడికలు తీసేస్తామన్నప్పుడు నీ నోట ఏ మాట వచ్చిందో అది మాత్రం రాయలేదు.

ఊరి పెద్ద దగ్గరికి వెళ్ళాను. "మమ్మల్నెవరూ అడగలేదేం?" అన్నాను. ఆయన మేకకు తాడు పేనుకుంటూ, "మీ చెల్లెలు అక్కడ ఉంది కదా. మన మనిషి ఉన్నాక మళ్ళీ ఇంకొకరెందుకని వాళ్ళు రాశారు. నేను సరేనన్నాను," అన్నాడు. అంటే నువ్వు కూర్చోబట్టే నన్ను పిలవలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. సరస్సు నాది, ఎండ నాది, నడుం నొప్పి నాది, కుర్చీ నీది.

చిటెంజె అందింది. తడికల మీద కప్పాను. ఈగలు వాలకుండా బాగా పనికొస్తోంది. 'మన సరస్సు' అన్న వైపు చేపలకి, 'మన చేతుల్లో' అన్న వైపు కాకులకి కనబడుతోంది.

నాకు కుళ్ళు అనుకుంటున్నావు కదూ. అవును, కుళ్ళే. నన్ను ఎవరూ రెండు చేతులతో ఏదీ ఇచ్చి కూర్చోమనలేదు. ఇప్పుడు చెప్పు, నువ్వు సరేనన్నావా లేదా?

ఈ వారం ఒక్క బస్తానే. రెండోది ఎండలేదు.

డోరికా

*

మ్జూజు,
1999 జూన్ 6

అక్కా,

రెండో బస్తా ఎండకపోవడం కాదు, నువ్వు పంపకపోవడం. మే నెలలో ఆ రేవులో ఎండ ఎలా ఉంటుందో నాకు తెలియదనుకున్నావా?

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నేను సరే అనలేదు. కాదని కూడా అనలేదు. న్గ్విరా గారు అందరివైపు చూసి, "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అన్నారు. నా నోట్లో అప్పటికింకా వాళ్ళ కోడి రుచి ఉంది. ఒళ్ళో వాళ్ళ కవరు ఉంది. మన అమ్మ మనకు ఏం నేర్పింది? ఒకరింట్లో తిన్నాక వాళ్ళ కుండను తిట్టకూడదని కాదూ. తిన్న ఇంటి వాసాలు ఎలా లెక్కపెట్టను? నాతో ఉన్న ఆడవాళ్ళందరూ అంతే, తలలు వంచుకుని వేళ్ళు నాక్కున్నారు. ఆయన "సంతోషం" అని పక్క మాటకు వెళ్ళారు. ఆయన చెడ్డవాడు కాదక్కా. పొద్దున్నే ఇచ్చేస్తే మనకు ధైర్యంగా ఉంటుందనుకుని ఇచ్చారు. పెట్టిన చెయ్యి మనవాళ్ళ నోరు మూసేస్తుందని ఆయనకు తట్టలేదు.

కవరు సంగతి కూడా విను. సగం వైసన్ తీసుకుని రేడియో బాగు చేయించాడు. చర్చి ఆడవాళ్ళు వచ్చి, "దేవుడు నిన్ను చల్లగా చూశాడు, సంఘాన్ని మరచిపోకు," అన్నారు. నేను లేని మూడు రోజుల్లో నా బల్ల పక్కావిడ తన గంపలు నా బల్ల మీదికి జరిపేసింది, ఇంకా తియ్యలేదు. జాస్తెన్ నీకు ఇవేవీ చెప్పి ఉండడు. వాడికి కనబడేది సీసా నీళ్ళే.

ఇంకో మాట. కుళ్ళు నీ ఒక్కదానికే ఉన్నట్టు రాశావు. అమ్మ తన చోటు నీకిచ్చింది. నన్ను వైసన్ వెనక బస్సెక్కించింది. నీకు ఆ రేవులో పుట్టిన ప్రతి పిల్లా పేరుతో తెలుసు, నిన్ను చూస్తే అమ్మను చూసినట్టుందంటారు. ఇక్కడ నన్ను 'చేపలావిడా' అని పిలుస్తారు. నేను బస్సు దిగినప్పుడల్లా న్యాకమాంగా "చుట్టపుచూపుగా వచ్చావా" అని అడుగుతుంది. పుట్టిన ఊళ్ళో ఆ మాట వింటే ఎలా ఉంటుందో నీకేం తెలుసు? ఒక్కసారి, ఒక్క చోట, నన్ను సరస్సు ఒడ్డు మనిషన్నారు. అది కూడా నీ కంట్లో పడింది.

నీకంత నోరుంటే జూలై 14న నువ్వే రా. హోటల్ నా ఇంటికి దగ్గరే. వచ్చి నువ్వే చెప్పు.

ఎనెలెస్

*

చిలుండు రేవు,
1999 జూన్ 20

ఎనెలెస్,

వస్తాను. రమ్మన్నావు కాబట్టి కాదు, రాక తప్పదు కాబట్టి.

వచ్చే ముందు ఇక్కడి ఆడవాళ్ళను కూడగట్టి, అందరి మాటా ఒక్కటి చేసి తీసుకెళ్దామనుకున్నాను. తడికల దగ్గర పిలిచాను. న్యాకమాంగా నడుం మీద చేతులేసుకుని, "కూర్చుంటే ఎంత?" అంది. నవ్వులాటకేమో అనుకున్నాను. కాదు. "మ్జూజులో కూర్చుంటే కవరు, నీ దగ్గర కూర్చుంటే ఇసకా? కనీసం తీపి టీ అయినా పొయ్యి," అంది. మిగతావాళ్ళు తలలూపారు. తమ తడికలు తమకు ఉంచమని అడగడానికి కూడా వీళ్ళకు కూలి కావాలి. టీ పోశాను, చక్కెర నాది. తాగి, గోధుమ రొట్టె లేదని సణుక్కుంటూ వెళ్ళారు. ఒక్క మాట తేలలేదు. ఈ జబ్బు మొదట ఎవరి ఇంట్లో పుట్టిందో నీకు నేను చెప్పక్కర్లేదు.

నా సంగతి వేరు. నేను అక్కడికి వచ్చి వాళ్ళ నీళ్ళు కూడా ముట్టను. కవరు ముట్టను. తినని నోటికి తాళం ఉండదు. కడుపు కాల్చుకునైనా అడగాల్సింది అడిగేస్తాను. నీ ఇంట్లో పడుకుంటాను గానీ నీ ఇంట్లోనూ తినను. ఎందుకంటే నీకూ ఒకటి రెండు మాటలు చెప్పేది ఉంది.

చర్చికి వెళ్ళేటప్పుడు వేసుకునే చెప్పుల పట్టీ తెగింది. నీకు కొత్త బూట్లు ఉన్నాయట కదా, జాస్తెన్ చెప్పాడు. నాకవి వద్దు. ఉన్నాయని తెలుసని చెబుతున్నాను, అంతే.

కోడలికి వాంతులు ఆగాయి.

డోరికా

*

చిలుండు రేవు,
1999 జూలై 17

న్యాలోంగ్వే ఎనెలెస్ మేడమ్ గారికి,

క్షేమంగా చేరాను. చేపల లారీలో, ఖాళీ గంపల మధ్య కూర్చుని వచ్చాను. ఆ కూర్చోవడానికి ఎవరూ కూలి ఇవ్వలేదు.

ఆ రోజు నువ్వు చేసింది నేను చచ్చేదాకా మరచిపోను. కవరు తీసుకోనన్నందుకు గుమ్మం దగ్గర కుర్రది నా పేరు రాసుకోలేదు. పేరు లేదు కాబట్టి గోడ పక్కన బెంచీ మీద కూర్చోమంది. నీ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. నువ్వు చూశావు, రమ్మనలేదు. తడికల మాట వచ్చినప్పుడు నేను లేచి, మేము కదలం, మా చోటు మాకుండాలి అని అందరూ వినేలా చెప్పాను. ఆ న్గ్విరా గారు ఎంత మర్యాదగా అన్నాడు: "అమ్మా, మీరు సమావేశానికి వచ్చినవారా, చూడ్డానికి వచ్చినవారా? పేరు లేనివారి మాట రాసుకోవడానికి నాకు అధికారం లేదు. దయచేసి విని సంతోషించండి." కూలి తీసుకోనివాళ్ళు వచ్చినట్టే కాదట. పొద్దుటి నుంచి నా కడుపులో ఏమీ లేదు. నీ వైపు చూశాను. నువ్వు బల్ల మీద గుడ్డకేసి చూస్తున్నావు. "ఈవిడ మా అక్క" అన్న ఒక్క మాట నీ గొంతులోంచి రాలేదు.

భోజనాల గంట కొట్టారు. నువ్వు వాళ్ళతో లేచి పళ్ళెం అందుకున్నావు. అంతవరకు చూసి వచ్చేశాను.

ఇక నీకు బస్తాలు పంపను. మార్కెట్లో ఇంకెవరికైనా వేస్తాను. నాకు చెల్లెలు లేదు. నీకు కుర్చీ ఉంది, దాన్నే అక్కా అని పిలుచుకో.

డోరికా

*

మ్జూజు,
1999 జూలై 18

అక్కా,

జాస్తెన్ ఈ రోజు ఖాళీ చేతులతో వచ్చాడు. కాబట్టి నువ్వేం రాయబోతున్నావో నాకు తెలుసు. నీ తిట్లు వచ్చేలోగా ఇది నీకు చేరాలి.

నువ్వు వెళ్ళిపోయావు. నాకు చెప్పకుండా, చెప్పులు చేత పట్టుకుని. కాస్త ఆగి ఉంటే బాగుండేది.

నిన్ను చూసి నాకు సిగ్గేసింది. ముందు నువ్వంటే సిగ్గేసింది. నీ ఒంటి మీద చేపల వాసన, ఆ చిటెంజె మీద పొలుసులు, అదే నడుముకు కట్టుకొచ్చావు కదా, కావాలనే. పక్కనున్న ఆవిడ ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుంది. నేను గుడ్డకేసి చూశాను. తర్వాత నువ్వు లేచి మాట్లాడావు. మాట్లాడుతుంటే నాకు కడుపు మండింది, నిజం చెబుతున్నాను. నా గొంతులో రెండు నెలలుగా ఇరుక్కున్న మాటను నువ్వు వచ్చీరాగానే ఉమ్మేశావు. నేను నీలా ఎందుకు కాలేనా అనిపించింది.

పళ్ళెం అందుకున్నది నిజం. తిన్నది కూడా నిజం. మధ్యాహ్నం మళ్ళీ కూర్చున్నాక న్గ్విరా గారు, "అయితే తడికలు ఏటి అవతలికి, అందరూ ఒప్పుకున్నట్టేనా?" అన్నారు. ఎప్పటిలాగే తలలన్నీ వంగాయి. నేను లేచాను. నా బుర్రకు అప్పుడు ఒకటే తోచింది.

"సార్, నేను మీ అన్నం తిన్నాను. తిన్న నోటితో మీకు ఎదురు చెప్పడం మా ఇళ్ళలో తప్పు. కానీ పొద్దున లేచినావిడ మా అక్క. ఆవిడ మీ నీళ్ళు కూడా తాగలేదు. ఆవిడ నోటికి ఏ తప్పూ అంటదు. ఆవిడకు కుర్చీ లేదు, నాకుంది. ఆవిడ మాటని నా కుర్చీలో పెడుతున్నాను. రాసుకోండి. మేము కదలం," అన్నాను.

తర్వాత ఒకావిడ, ఆ ముక్కు మూసుకున్నావిడే, లేచి, "మా వదిన కూడా తినలేదు, ఊళ్ళో ఉంది. ఆవిడ మాట కూడా అదే," అంది. ఇంకొకావిడకి తినని అమ్మమ్మ గుర్తొచ్చింది. ఇలా ఒకరి తర్వాత ఒకరు, ఇంట్లో ఆకలితో కూర్చున్న చుట్టాలందరి తరఫునా లేచారు. న్గ్విరా గారు మొదట తెల్లబోయారు, తర్వాత రాసుకోవడం మొదలుపెట్టారు. మళ్ళీ ఆలోచిస్తామన్నారు. చివర్లో నా దగ్గరికొచ్చి, "ఈసారి నుంచి భోజనం, కవరు సాయంత్రం పెడతాం మేడమ్," అన్నారు.

ఆయనకు నీ పేరు కూడా చెప్పాను. ఆయన దగ్గర ఉన్నది మాత్రం నా పేరు. అందుకని నా పేరు కింద రాసుకున్నారు. నేనేం చెయ్యను.

నా బల్ల మీద అమ్మడానికి ఏమీ లేదు. పంపేది పంపు.

ఎనెలెస్

*

చిలుండు రేవు,
1999 ఆగస్టు 22

చెల్లీ,

మేం బాగున్నాం. మీరు ఎలా ఉన్నారో రేవంతటికీ తెలుసు, అదే నా ఖర్మ.

నీ ఉత్తరం ఆ వారమే అందింది. చదివి పెట్టెలో అడుగున పెట్టాను. జవాబు రాయాలని కూర్చుంటే చెయ్యి రాలేదు. తిట్టినందుకు బాధపడుతున్నానని రాయాలి, రాస్తున్నాను. ఇక దాని మాట ఎత్తకు.

న్గ్విరా గారు మొన్న మోటారు సైకిలు మీద వచ్చాడు. ఊరి పెద్ద అందరినీ పిలిచాడు. తడికలు ఎక్కడివక్కడే ఉంటాయట. ఏ రేవు సంగతి ఆ రేవు ఆడవాళ్ళను అడిగాకే తేలుస్తారట. అమ్మ చోటు మిగిలింది. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకునేలోపే ఆయన, "ఇదంతా మీ ఎనెలెస్ న్యాలోంగ్వే పుణ్యం," అన్నాడు.

ఆడవాళ్ళు నాలుకలాడించి కూతలు పెట్టారు. న్యాకమాంగా గెంతింది, దాని వయసుకు అది తగదు. ఇప్పుడు చేపలు తిరగేస్తూ నీ పేరు పెట్టి పాట కట్టారు. నా తడికల పక్కనే నిలబడి పాడుతున్నారు. నేనూ గొంతు కలపాలి, లేకపోతే కుళ్ళు అంటారు. కలుపుతున్నాను. అక్కడ ఆకలితో నిలబడింది నేను. మాట నాది. పాటలో నేను లేను.

ఇంకా ఉంది. రేవుకొకరు చొప్పున ఇకమీదట ప్రతి నెలా జిల్లా సమావేశానికి వెళ్ళాలి, కూలి ఇస్తారు. ఎవరిని పంపుదామని పెద్ద అడిగాడు. నేను గొంతు సవరించుకున్నాను. న్యాకమాంగా ముందే, "ఇంకెవరు, ఎనెలెసే," అంది. పెద్ద నావైపు చూసి, "నిన్నే అనుకున్నానమ్మా. కానీ నువ్వు పెట్టింది తినవు. అది పెట్టినవాళ్ళకు అవమానం. మీ చెల్లెలు భోంచేసి మరీ మాట్లాడుతుంది," అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. ఈ ఉత్తరం రాసే పని నాకే అప్పజెప్పారు, ఈ రేవులో నీకు ఉత్తరాలు రాసేదాన్ని నేనే కదా. సెప్టెంబరు మొదటి ఆదివారం రమ్మంటున్నారు, కోడిని కోస్తారట, నీకు దండ వేస్తారట.

వాళ్ళు రాయమన్నది అయిపోయింది. ఇక నేను రాసేది.

వద్దని చెప్పు. అక్కకివ్వండి అని చెప్పు. నువ్వు మ్జూజులో ఉంటావు, ఇక్కడి సంగతి ప్రతిసారీ నన్నడిగే చెప్పాలి. ఆ చోటు పోతుందేమోనని భయపడ్డాను, పోలేదు. కానీ ఈ పాట వింటుంటే ఒక్కోసారి పోయినా బాగుండేది, నిన్ను తిట్టుకునైనా బతికేదాన్ని అనిపిస్తోంది. ఇంత నీచంగా నాకెందుకు అనిపిస్తోందో నాకే తెలియదు. ఎవరితోనూ అనలేను, నీతోనే అనాలి. తిన్నాక కూడా కాదనడం నేర్చావు కదా. నా కోసం ఈ ఒక్కదానికీ కాదని చెప్పు.

మూడు బస్తాలు పంపుతున్నాను. మూడూ బాగా ఎండినవే.

నీ అక్క
డోరికా

*

మ్జూజు,
1999 ఆగస్టు 27

అక్కా,

బస్తాలు అందాయి. ఇంత మంచి చేప నువ్వు నాకు ఎప్పుడూ పంపలేదు. అది చూడగానే నువ్వేదో అడగబోతున్నావని తెలిసింది, తర్వాతే ఉత్తరం విప్పాను.

రెండుసార్లు చదివాను. రెండోసారి ఏడ్చాను. వైసన్ "ఎవరు పోయారు?" అని అడిగాడు.

అక్కా, అమ్మ ఆ చోటు నీకిచ్చిన రోజు నేను నీ పక్కనే నిలబడ్డాను. నాకూ కావాలనిపించింది. ఇప్పుడు నీకనిపిస్తున్నంతగా, బహుశా ఇంకా ఎక్కువగానే. నేను బస్సెక్కి వచ్చేశాను గానీ, వదిలెయ్యమని నిన్ను అడగలేదు. నువ్వు నన్ను అడుగుతున్నావు.

మీరందరూ కోడిని కోసేది నాకని తెలిసి నాకెంత ఆనందంగా ఉందో రాయలేను. చుట్టపుచూపుగా వచ్చావా అని న్యాకమాంగా ఈసారి అడగదు. ఇన్నేళ్ళకు నా ఊరు నన్ను రమ్మంటోంది. దీన్ని నీ చేతిలో పెట్టి తిరిగి ఈ బల్ల వెనకాల కూర్చోలేను. నీ మాట నా కుర్చీలో ఎప్పుడూ ఉంటుంది, ప్రతి నెలా నీ దగ్గరికొచ్చి అడిగే వెళతాను. కానీ కుర్చీ ఇవ్వను.

ఆదివారం మొదటి బస్సుకే దిగుతాను. తిట్టాలనుంటే తడికల దగ్గరే తిట్టు, అందరూ విననీ. వంట ఎవరు చేసినా సరే, నాకు నువ్వే వడ్డించాలి. చిన్నప్పటి నుంచీ నీ చేతి ముద్దే తిన్నాను, ఇన్నేళ్ళూ నీ చేప అమ్ముకునే బతికాను, ఆ రోజు కూడా నువ్వు పెట్టిందే కడుపు నిండా తింటాను. తిని, చెయ్యి కడుక్కుని, నీ ఎదురుగా కూర్చుని కాదనే చెబుతాను.

నీ చెల్లి
ఎనెలెస్